ఎనభై అంగల అవతల

ఈ కథ చక్రమక్కది. అయితే ఆమె కష్టంలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి ముందు నా సంగతి చెప్పేస్తాను. ఇరవై రెండేళ్ళుగా నేనొక చిన్న కంపెనీలో కెమెరా పట్టుకుంటున్నాను. తీసినదాన్ని కత్తిరించి అతికించేదీ నేనే. ఈ చుట్టుపక్కల మనుషుల మీద, వాళ్ళు చేసే పనుల మీద అరగంట డాక్యుమెంటరీలు తీస్తాం. గొడుగులు బాగుచేసేవాళ్ళు, పడవలకి తారు పూసేవాళ్ళు, మంత్రసానులు, రైలు గేటు దగ్గర కాపలా ఉండేవాళ్ళు, ఇలా. మా సినిమాల్లో హీరో ఉండడు, పాటలుండవు, నిజం చెప్పాలంటే చూసేవాళ్ళు కూడా పెద్దగా ఉండరు. అయినా ఓపిక ఉన్నంతకాలం తీశాం. ఇప్పుడు నాకు ఆ ఓపిక కూడా అయిపోయింది.

మా డైరెక్టరుగారికి ఒక అలవాటుంది. సినిమాకి పేరు ముందు పెడతారు, మనిషిని తరవాత వెతుకుతారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నమాట. పదహారేళ్ళ కిందట ఆయన పెట్టిన పేరు ‘చివరివాడు’. పోస్టరు కూడా వేయించారు. ఏ పనిలో చివరివాడో మాత్రం ఇంకా తేలలేదు. వారం తిరిగేసరికి తాళ్ళు పేనే పెద్దాయన ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆయనకి అప్పుడు యాభై ఏళ్ళు. వయసుకి మించిన ముడతలు, తెల్లగడ్డం. పోస్టరుకి సరిగ్గా సరిపోయాడు.

వాళ్ళు పనిచేసే చోటు రెండు గోదాముల వెనక గోడల మధ్య ఉన్న సన్నటి బాట. వెడల్పు మంచానికి ఎక్కువ, గదికి తక్కువ. పొడవు ఎనభై అంగలు. ఈ చివర చిన్న రేకుల పాక, అందులో చెక్క చక్రం, చక్రానికి పక్కనే కొక్కేలు. నడుముకి నార చుట్టుకున్న మనిషి ఒక కొస కొక్కేనికి తగిలించి, చేతుల్లోంచి నార వదులుతూ వెనక్కి వెనక్కి నడుస్తాడు. చక్రం తిరుగుతున్నకొద్దీ నారకి పురి ఎక్కుతుంది. చక్రం జోరు ఎక్కువైతే మెలికలు పడుతుంది, తగ్గితే పురి నిలవదు. వెనక్కి నడిచేవాడికి వీపున కళ్ళుండవు కదా, దారిలో రాయి ఉన్నా కుక్క పడుకుని ఉన్నా చక్రం దగ్గరి మనిషే కేకేసి చెప్పాలి. ఎటు తిప్పి చూసినా ఇది ఇద్దరి పని.

ఆ రెండో మనిషే పెద్దాయన చెల్లెలు. ఎనిమిదేళ్ళు చిన్నది. పదకొండో ఏట తండ్రి ఆమెను చక్రం దగ్గర నిలబెట్టాడు. పిడి అందకపోతే కాళ్ళ కింద ఒక చెక్కపెట్టె వేశాడు. పంతొమ్మిదో ఏట లారీ డ్రైవరుకిచ్చి పెళ్ళి చేస్తే మూడేళ్ళు తిరక్కుండానే పెట్టె పట్టుకుని వచ్చేసింది. ఏమైందని అడిగినవాళ్ళకి, “ఆయన చక్రాలు ఆయన తిప్పుకుంటున్నాడు, నా చక్రం నేను తిప్పుకుంటా” అని చెప్పేదట. అంతకు మించి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తిప్పి తిప్పి ఆమె కుడి భుజం ఎడమదానికన్నా లావెక్కింది. జాకెట్టు కుట్టే దర్జీ కుడి చేతికి కొలత వేరే తీసుకుంటాడు. వీధి వీధంతా ఆమెను చక్రమక్క అనే పిలుస్తుంది.

మొదటి రోజే నాకు ఆమెతో పేచీ వచ్చింది. చివరివాడి సినిమాలో ఇంకో మనిషి కనబడకూడదు కదా. మర్యాదగానే, “అక్కా, కాస్త పక్కకి జరుగుతారా?” అన్నాను.

“జరుగుతా. చక్రం మీ డైరెక్టరు తిప్పుతాడా?” అంది.

ఆవిడ జరగదు, జరిగితే పని జరగదు. అందుకని నేనే తెలివి ఉపయోగించాను. పాక ముందు లావుపాటి కర్రస్తంభం ఒకటి ఉంది. ఆ స్తంభం చాటున ఆమె పూర్తిగా దాగిపోయేలా కెమెరా అటూ ఇటూ జరిపి ఒకచోట నిలబెట్టాను. ఇప్పుడు చూస్తే పెద్దాయన ఒక్కడే నారతో వెనక్కి నడుస్తున్నాడు, చక్రం దానంతటదే తిరుగుతోంది. డైరెక్టరుగారు నా భుజం తట్టారు. నేను చాలా సంతోషపడ్డాను, ఆ సంగతి దాచను.

పెద్దాయనతో మాటలు రికార్డు చేసింది బాటకి అవతలి చివర. వెలుతురు అక్కడ బాగుంది. ఎనభై అంగలు నడిచి ఆగాడు కాబట్టి నార అంత పొడవునా పురెక్కి, బిగిసి ఉంది. చక్రం పిడి వదిలేస్తే అంతా గిర్రున విడిపోతుంది. అందుకని ఆయన కుర్చీలో కూర్చుని మాట్లాడిన గంటసేపూ ఆమె ఈ చివర పిడి రెండు చేతులా పట్టుకుని నిలబడే ఉంది. ఆయన చొక్కాకి పెట్టిన మైకు మాకే వినబడుతుంది. అంత దూరంలో ఉన్న ఆమెకి అన్న పెదవులు కదలడం తప్ప ఏమీ తెలిసే వీలు లేదు.

సినిమా పూర్తయ్యాక ఆ వీధిలోని హాల్లోనే తెర కట్టి వేశాం. రెండొందలమంది దాకా వచ్చారు. చక్రమక్క ముందు వరసలో కూర్చుంది. సినిమాలో ఆమె చెయ్యి లేదు, గొంతు లేదు, నీడ లేదు. “ఈయనతో ఈ విద్య అంతరించిపోతుంది” అనే మాటతో సినిమా ముగిసింది. జనం చప్పట్లు కొట్టారు. వెనకనించి ఎవరో, “అయితే చక్రమక్కేంటి, దెయ్యమా?” అన్నారు. హాలంతా నవ్వు. నేనూ నవ్వానేమో, గుర్తులేదు.

ఆ రోజు నుంచి ఆమె అన్నతో మాట్లాడటం మానేసింది. పని మానలేదు, వండిపెట్టడం మానలేదు, మాట ఒక్కటే మానేసింది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా చక్రం దగ్గర ఆమె నోట్లోంచి వచ్చేవి నాలుగే మాటలు. ఆగు, వదులు, లాగు, రాయి. ఇంటికెళ్ళాక అవి కూడా ఉండేవి కావు. వదిన ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఒకే ఇంట్లో ఇద్దరే మనుషులు, మధ్యలో మాటల్లేవు. పక్కింటి కుట్టుమిషనావిడ ఒకసారి ఇద్దరినీ కూర్చోబెట్టి తాడో పేడో తేల్చుకోమంది. చక్రమక్క లేచి బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళిపోయిందట.

మా సినిమాకి రెండు బహుమతులొచ్చాయి. పెద్దాయనకి పేరొచ్చింది. పేరుతోపాటు ఎవరూ ఊహించని చిక్కు కూడా వచ్చింది. పడవలవాళ్ళు, లారీలవాళ్ళు ఒక్కొక్కరే ఆయన దగ్గర తాడు చెప్పడం తగ్గించారు. రేపో మాపో మూతపడే చోట ఎందుకులే, ఇప్పుడే నైలాను తాడు అలవాటు చేసుకుందాం అనుకున్నారు. మేం ఆయన్ని చివరివాడని చాటింపు వేసి, నిజంగానే చివరికి తెచ్చాం.

అయిదేళ్ళ తరవాత ‘చివరివాడు, మళ్ళీ’ అని రెండో సినిమాకి వెళ్ళాం. అదే బాట, అదే స్తంభం. ఈసారి చక్రమక్క నాతో పేచీ పెట్టుకోలేదు. నేను కెమెరా సర్దుతుంటే, “స్తంభం ఇంకాస్త లావు చేయించాల్సింది, నాకు ఒళ్ళొచ్చింది” అంది. మళ్ళీ అవతలి చివర మాటలు, మళ్ళీ ఈ చివర ఆమె పిడి పట్టుకుని నిలబడటం. ఆ తరవాత వేరే కంపెనీవాళ్ళు కూడా వచ్చి వెళ్ళారని విన్నాను. వాళ్ళంతా మా సినిమా చూసి, అదే షాటు కావాలని అడిగారట. నేను మళ్ళీ అటు వెళ్ళలేదు. ఇంకా ఎంతోమంది చివరివాళ్ళు మా కోసం ఎదురుచూస్తున్నారు కదా.

పెద్దాయన ఈ ఏడాది జ్వరంతో పోయాడు. ఆస్పత్రిలో పది రోజులున్నాడు. పది రోజులూ చక్రమక్క మంచం పక్కనే కూర్చుంది.

ఆయన పోయిన నెలకి ఆమె నా ఎడిటింగు గదికి వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతూ, తలుపు దగ్గరే నిలబడి, “నువ్వే కదా నన్ను స్తంభం చాటున పెట్టినవాడివి” అంది. కూర్చోమన్నాను. కూర్చుని సంచిలోంచి ఒక కాగితం తీసింది.

అది స్థలాల ఆఫీసునుంచి వచ్చిన నోటీసు. ఆ బాట ఆఫీసువాళ్ళది, పెద్దాయన పేరున లైసెన్సు ఉండేది. ఆయన పోయాడు, పని అంతరించింది కాబట్టి నెలాఖరుకి ఖాళీ చెయ్యాలట, చెత్త బళ్ళు పెట్టుకోవడానికి. ఆమె వెళ్ళి ఆఫీసరుని కలిసింది. ఆయన మంచిగానే మాట్లాడాడట. “అమ్మా, ఆయనే చివరివాడు కదా, మేమంతా సినిమా చూశాం” అన్నాడట. నేనింకా పేనుతున్నానయ్యా అంటే, ఆయన చట్టం చదివి వినిపించాడు. లైసెన్సున్నవాడు పోతే, అతనితో కలిసి అదే చోట పదేళ్ళు పనిచేసినట్టు రుజువున్న మనిషికే అది మారుతుంది. ఆమె దగ్గర ఏ రుజువూ లేదు. జీతం కాగితం లేదు, ఫొటో లేదు. వీధిలోవాళ్ళ సాక్ష్యం చెల్లదు.

ఇప్పుడు ఆమె నార పట్టుకుని నడుస్తోంది, కుట్టుమిషనావిడ చక్రం తిప్పడం నేర్చుకుంటోంది. ఆర్డర్లు తగ్గినా ఇద్దరి కడుపూ దాంతోనే నిండుతోంది. తాళ్ళు పేనడం తప్ప ఆమెకి ఇంకో పని రాదు, తాళ్ళు పేనాలంటే ఎనభై అంగల చోటు కావాలి. అంత పొడవు చోటు ఎవరింట్లో ఉంటుంది?

“ఎక్కడో ఒకచోట పడే ఉంటా కదా తమ్ముడూ. మొహం లేకపోయినా పర్లేదు. ఒక చెయ్యైనా” అంది.

వెతుకుతానన్నాను. పాత టేపులు అటకమీద అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఆ టేపులు వేసే పాత డెక్కు బాగుచేయించి నాలుగు రోజులు చూశాను. రెండు సినిమాలకీ కలిపి ఇరవై ఆరు గంటల టేపు. నా పనితనం ఎంత గొప్పదంటే, ఇరవై ఆరు గంటల్లో ఒకే ఒక్కసారి, ఒక మోచెయ్యి స్తంభం పక్కనించి తొంగి చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. మోచేతికి లైసెన్సు ఎవరిస్తారు?

అయిదో రోజు అట్టపెట్టె అడుగున కాగితాలు దొరికాయి. టేపులో ఎన్నో నిమిషానికి ఏముందో, అందులో ఏది వాడాలో రాసుకునే కాగితాలు. చేతిరాత నాదే. మొదటి సినిమా, ఏడో టేపు, పద్నాలుగో నిమిషం ఎదురుగా ఇలా ఉంది: ‘చెల్లెలి ప్రస్తావన. అక్కర్లేదు.’

టేపు పెట్టి ఆ నిమిషానికి తిప్పాను. పెద్దాయన కుర్చీలో కూర్చుని చెప్తున్నాడు. “ఇది ఒక్కడి పని కాదు బాబూ. అదిగో, చక్రం దగ్గర ఉంది చూడండి, నా చెల్లెలు. పాతికేళ్ళ పైనే తిప్పుతోంది. అది తిప్పకపోతే నేను ఖాళీ చేతుల్తో వెనక్కి నడిచే పిచ్చోణ్ణి. నేను పోయినా పని పోదు, దానికి అంతా వచ్చు.” వేలుపెట్టి చూపించాడు కూడా. నా కెమెరా ఆ వేలు చూపించిన వైపు తిరగలేదు.

అంత స్పష్టంగా చెప్పిన మాట నేను కత్తిరించాను, కత్తిరించి మరిచిపోయాను. నాకు సిగ్గనిపించింది. తిలాపాపం తలా పిడికెడు అని డైరెక్టరుగారి మీదకి కొంత తోద్దామని చూశాను గానీ, కాగితం మీద ఉన్నది ఆయన చేతిరాత కాదు.

రెండో సినిమా కాగితాలు తిరగేశాను. మూడో టేపు, నలభై ఒకటో నిమిషం. ‘మళ్ళీ చెల్లెలి గోల. అక్కర్లేదు.’ అది కూడా పెట్టి విన్నాను. ఒక్కసారే విన్నాను. విన్నాక ఆ టేపు పెట్టెలో పెట్టి, పెట్టె అటకమీద పెట్టేశాను. ఆఫీసుకి మొదటి సినిమా టేపు చాలు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు చక్రమక్కని పిలిచి మొదటి సినిమా టేపులో మాటలు వినిపించాను. ఏడుస్తుందేమోననో తిడుతుందేమోననో భయపడ్డాను. ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది. అయిపోయాక, “ఆఫీసులో ఇది చాలుతుందా?” అని ఒక్కటే అడిగింది. చాలుతుందన్నాను. నాకు బరువు దిగినట్టయింది.

చాలింది. టేపులో ఆ ముక్క కాపీ చేసి ఇస్తే ఆఫీసరు తన కంప్యూటర్లో రెండుసార్లు వేసుకుని విన్నాడు. టేపు ఏ తేదీన తీసిందో నాతో రాయించుకుని సంతకం పెట్టించుకున్నాడు. పదహారేళ్ళ కిందటే పెద్దాయన పాతికేళ్ళ పైన అంటున్నాడు కాబట్టి రుజువుకి లోటు లేదన్నాడు. లైసెన్సు ఆమె పేరుకి మారుతుంది, నోటీసు రద్దవుతుంది, చెత్త బళ్ళకి ఇంకో చోటు చూసుకుంటారు. ఆయన లేచి నిలబడి ఆమెకి నమస్కారం పెట్టాడు. ఆమె కూడా పెట్టింది. ఆమె మొహంలో సంతోషం కోసం చూశాను. అలసట తప్ప ఏమీ కనబడలేదు.

ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయింది. కాసేపు ఊపిరి తీసుకుని, “రెండోసారి వచ్చారు కదా మీరు. అప్పుడేం చెప్పాడు?” అని అడిగింది.

“అదే చెప్పాడక్కా. అక్కర్లేదు” అన్నాను. అన్నాక ఆ మాటకి నాకే నాలుక కరుచుకోవాలనిపించింది.

“అక్కరుందో లేదో నేను చూసుకుంటా. పద” అంది.

మళ్ళీ నా గదికి వచ్చాం. అటక ఎక్కి పెట్టె దించాను. ఆమె స్టూలు మీద కూర్చుంది. టేపు పెట్టాను. తెరమీద పెద్దాయన అయిదేళ్ళు ముసలివాడయ్యాడు. కుర్చీలో ముందుకి వంగి, గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

“కిందటిసారి చెప్పాను బాబూ, మీరు వెయ్యలేదు. ఈసారైనా వెయ్యండి. నా చెల్లెలు నాతో మాట్లాడటం లేదు. నేను చెప్తే నమ్మదు, సినిమాలో వస్తే నమ్ముతుంది. మిగతాదంతా తీసేసినా సరే, ఈ ఒక్క ముక్కా ఉంచండి.”

కెమెరా వెనకనించి ఒక గొంతు, “తప్పకుండా వేస్తామండీ” అంది. ఆ గొంతు నాది. ఆయన అందుకు నమస్కారం పెట్టాడు.

టేపు ఆపేశాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆమె నన్ను తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు. తెరమీద ఆగిపోయిన అన్న మొహం చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు మెల్లగా చెప్పింది.

“చెప్పానన్నాడు తమ్ముడూ. సినిమా వేసిన రోజే, ఇంటికి రాగానే, నీ గురించి చెప్పానే, వాళ్ళు వెయ్యలేదు అన్నాడు. నేను నమ్మలేదు. చెప్పుంటే తెరమీద పడదా, రెండొందలమందిలో కూర్చుని నా కళ్ళతో చూశాను కదా అన్నాను. అబద్ధాలకోరువి అన్నాను. అదే నేను మా అన్నతో ఆడిన ఆఖరి మాట. ఆస్పత్రిలో పది రోజులు పక్కనే కూర్చున్నా, చెయ్యి పట్టుకున్నా, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.”

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

“మీరు తీసింది నమ్మాను. వాణ్ణి నమ్మలేదు” అంది.

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. ఆ చప్పుడు ఆగింది. ఆమె ఇంకోసారి వెయ్యమంది. వేశాను. ఆ తరవాత మళ్ళీ వెయ్యమంది. అలా సాయంత్రం దాకా, నమ్ముతుంది అనే మాట వచ్చినప్పుడల్లా ఆమె తెరకేసి తల ఊపుతూ, “నమ్మాను అన్నా, నమ్మాను” అంటూనే ఉంది.